క్రోమోజోము కొసలు చదివిన కథ

ఈమధ్య పాత కాగితాలు సర్దుతూ ఉంటే, 2003లో ఒక తెలుగు సంఘం వారి ప్రత్యేక సంచికకు నేను రాసి ఇచ్చిన వ్యాసం కంటబడింది. మానవ జీనోము మీద వ్యాసం. ఆ ఏడాది ఏప్రిల్‌లో జీనోము పథకం పూర్తయిందని పెద్దలు ప్రకటించారు. ఆ ఉత్సాహంలో నేను కూడా "మనిషి డి.ఎన్.ఏ. గ్రంథాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదివేశారు" అని ధీమాగా రాసిపారేశాను. ఆ వాక్యం తప్పు. చిన్నాచితకా తప్పయితే ఊరుకునేవాడినే. కాని అప్పటికి చదవకుండా మిగిలిపోయిన భాగాలలో సరిగ్గా ఆ మొదటి అక్షరమూ, ఆ చివరి అక్షరమూ ఉన్నాయి! అచ్చులో పడిన మాటను వెనక్కు తీసుకోవడం నా చేతిలో లేదు కనుక, ఆ కొసలను మనుషులు ఎప్పుడు, ఎలా చదివారో ఇక్కడ రాసి బాకీ తీర్చుకుంటాను.

ముందు చిక్కేమిటో చెప్పాలి. మన కణంలో 46 క్రోమోజోములు. ఒక్కొక్కటి ఒక పొడవాటి డి.ఎన్.ఏ. దారం, దారానికి రెండు కొసలు, మొత్తం 92 కొసలు. దారం పొడుగునా ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలు రకరకాల వరసల్లో వస్తాయి. కొస దగ్గరకు వచ్చేసరికి మాత్రం టి-టి-ఎ-జి-జి-జి అన్న ఆరక్షరాల మాట ఒక్కటే, జపం చేసినట్లు, వేల అక్షరాల మేర వస్తుంది. ఈ భాగాన్నే టెలోమియరు అంటారు. గ్రీకులో టెలోస్ అంటే అంతం, మెరోస్ అంటే భాగం.

డి.ఎన్.ఏ.ని చదివే పాత పద్ధతులన్నిటిలోనూ దారాన్ని చిన్న చిన్న ముక్కలుగా తుంచడం, ముక్కలను చదవడం, ఒక ముక్క తోక మరొక ముక్క తలతో ఎక్కడ కలిసిందో చూసి అతకడం తప్పదు. మనకు తెలిసిన శతకం ఒకటి తీసుకుని కాగితాలను చీటీలుగా చింపేశారనుకోండి. "ఈ మాటలు ఫలానా పద్యంలోవి" అని గుర్తుపట్టి చాలా చీటీలను వాటి వాటి చోట్ల పెట్టగలం. కాని ఒక చీటీలో మకుటం తప్ప మరేమీ లేకపోతే? అది ఎన్నో పద్యంలోది? అలాంటి చీటీలు గుప్పెడు ఉంటే, అసలు పుస్తకంలో మకుటం ఎన్నిసార్లు ఉందో చీటీలు చూసి ఎలా చెప్పడం? టెలోమియరు అంటే మకుటం మాత్రమే మిగిలిన పుట.

కొసల్లో ఏదో విశేషం ఉందని అక్షరాలు చదవడం రాకముందే తెలుసు. అమెరికా జన్యుశాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ పండు ఈగల మీద ఎక్స్‌కిరణాలు కురిపించి క్రోమోజోములను విరగ్గొట్టేవాడు. విరిగిన ముక్కలు ఎన్ని విధాలుగా అతుక్కున్నా, సహజమైన కొస ఊడిపోయిన క్రోమోజోము మాత్రం ఆయనకు దొరకలేదు. 1938లో వుడ్స్ హోల్‌లో చేసిన ప్రసంగంలో ఆ కొసకు టెలోమియరు అని పేరు పెట్టాడు. దాదాపు అదే కాలంలో మిస్సోరీలో బార్బరా మెక్లింటాక్ మొక్కజొన్న కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తూ, విరిగిన కొస మరొక విరిగిన కొసను వెతుక్కుని అతుక్కుంటుందనీ, సహజమైన కొస అలా అతుక్కోదనీ గమనించింది. పట్టుచీర కొంగుకు కుచ్చులు వేయకపోతే పోగులు ఊడిపోయి పక్క బట్టకు చిక్కుకుంటాయి కదా. క్రోమోజోముకు ప్రకృతి వేసిన కుచ్చులు ఈ టెలోమియర్లు.

రెండవ చిక్కును 1970 దశకం మొదట్లో ఇద్దరు విడివిడిగా పట్టుకున్నారు. డి.ఎన్.ఏ.కి నకలు తీసే యంత్రాంగం తాను మొదట పట్టు బిగించిన చోటును నకలు తీయలేదు; అందుచేత కణం విభజన చెందిన ప్రతిసారీ దారం కొస కాస్త కురచ కావాలి. అమెరికాలో జేమ్స్ వాట్సన్ 1972లో ఒక వైరసు గురించి ఈ ప్రశ్న వేశాడు. అంతకు ముందే మాస్కోలో అలెక్సీ ఒలొవ్నికోవ్ అనే సైద్ధాంతికుడికి ఈ ఊహ తట్టింది. పెంపకంలో ఉన్న మనిషి కణాలు కొన్ని పదుల విభజనల తరవాత ఆగిపోతాయని లియొనార్డ్ హేఫ్లిక్ చూపించిన సంగతి ఒక ఉపన్యాసంలో విని, మెట్రో స్టేషనులో రైలు కోసం నిలబడి ఆలోచిస్తూ ఉండగా తట్టిందట. రైలు పట్టాలను నకలు తీసే యంత్రం రైలులోనే ఉంటే, మొదట తన కిందనే ఉన్న పట్టా ముక్కను అది ఎలా నకలు తీస్తుంది? 1971లో రష్యన్ భాషలో అచ్చయిన ఆ ఊహను చాలాకాలం పట్టించుకున్నవారు తక్కువ.

సరే, కొసలో ఏముంది? ఇక్కడ ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ప్రవేశిస్తుంది. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ గుండెకాయ ఈ ఘట్టమే. అందుకని ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చుంటాను.

బ్లాక్‌బర్న్ ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టింది. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ ప్రయోగశాలలో పి.హెచ్‌డి. చేసింది. అక్కడ అందరూ ఒక చిన్న వైరసు డి.ఎన్.ఏ.లో ఉన్న ఐదున్నర వేల లోపు అక్షరాలను చదవడంలో తలమునకలై ఉన్నారు. సాంగర్‌కు రెండవ నోబెల్ తెచ్చిన చురుకైన పద్ధతి 1977లో గాని అచ్చులోకి రాలేదు. ఆమె నేర్చుకున్నది అంతకు ముందరి పద్ధతి: అక్షరాలను ఒకటొకటిగా కూడబలుక్కుంటూ చదివే చాదస్తపు పద్ధతి. అక్కడి నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళవలసిన మనిషి, పెళ్ళాడబోయే వ్యక్తికి యేల్‌లో చోటు దొరకడంతో 1975లో తానూ యేల్‌కి, జోసెఫ్ గాల్ ప్రయోగశాలకి వెళ్ళింది. ఆ పెళ్ళి లేకపోతే ఈ కథ మరొకరు, మరొకచోట రాసి ఉండేవారేమో.

గాల్ దగ్గర ఉన్న నిధి టెట్రాహిమినా. చెరువు నీళ్ళలో ఈదులాడే ఏకకణ జీవి. దీనికి రెండు కేంద్రకాలు. చిన్న కేంద్రకం వంశం నిలబెట్టడానికి, పెద్ద కేంద్రకం రోజువారీ సంసారానికి. పెద్ద కేంద్రకంలో ఒక విచిత్రం ఉంది. ప్రోటీనుల తయారీకి కావలసిన రైబోసోముల జన్యువు అసలు క్రోమోజోము నుంచి విడివడి, ఒక పొట్టి దారంగా మారి, ఒక్కొక్క కణంలో దాదాపు 10,000 నకళ్ళుగా ఉంటుంది. ఒక్కొక్క పొట్టి దారానికి రెండు కొసలు చొప్పున 20,000 కొసలు! మనిషి కణంలో 92 కొసలకోసం అంత పొడవైన దారాలను జల్లెడ పట్టాలి. ఇక్కడ ఆ పొట్టి దారాలను మిగతా డి.ఎన్.ఏ. నుంచి వేరుచేస్తే చాలు, చేతిలో కొసలు కుప్పగా పడతాయి. చదివే పద్ధతి ఇంకా నాటుగా ఉన్న రోజుల్లో ఆమెకు కలిసివచ్చింది ఈ ప్రాణిని ఎంచుకోవడమే.

ఆమె చేసినది ఇది. కొసల దగ్గర దారపు పేటలో చిన్న చిన్న తెగుళ్ళు ఉన్నాయి. డి.ఎన్.ఏ.ని అల్లే ఎంజైముకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ తగిలించిన అక్షరాలను మేతగా వేస్తే, అది ఆ తెగుళ్ళ దగ్గర పట్టు దొరకబుచ్చుకుని అల్లడం మొదలుపెడుతుంది. ఏ అక్షరాన్ని తిన్నది, దేని పక్కన దేనిని పెట్టింది అన్నది చూడాలి. అల్లిన దానిని ఆమ్లంతో, ఎంజైములతో తుంచి, ఆ తునకలను విద్యుత్తు సాయంతో పరిమాణం ప్రకారం విడదీసి, ఎక్స్‌రే ఫిల్ము మీద ముద్రలు పడనిచ్చి, చివరికి ఆ ముద్రల నుంచి అక్షరాల వరసను ఊహించాలి. రోజుల తరబడి చేసే పని. వరస తేలింది: సి-సి-సి-సి-ఎ-ఎ. మళ్ళీ సి-సి-సి-సి-ఎ-ఎ. మళ్ళీ అదే. ఫిల్ము మీద నిచ్చెన మెట్లలాగ, మెట్టుకు ఆరక్షరాల ఎడంతో చారలు కనిపించాయి. ఒక్కొక్క కొసలో ఈ మాట 20 నుంచి 70 సార్లు వస్తోంది. అదీ అన్ని దారాలలోనూ ఒకే సంఖ్యలో రావడం లేదు. 1978లో బ్లాక్‌బర్న్, గాల్ కలిసి దీనిని ప్రచురించారు. ఏ ప్రాణిలోనైనా క్రోమోజోము కొసను అక్షరాలలో చదవడం అదే మొదలు.

సంఖ్య స్థిరంగా లేకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఉన్నది ఉన్నట్లు నకలు తీసే వ్యవస్థలో కొస పొడవు దారానికొక తీరుగా ఉండకూడదు. ఎవరో తరవాత వచ్చి కొసకు అతికిస్తున్నారన్నమాట. ఆ తరవాత కథ చాలామందికి తెలిసినదే కనుక గబగబా చెప్పేస్తాను. 1982లో బ్లాక్‌బర్న్, జాక్ షోస్టాక్ కలిసి టెట్రాహిమినా కొసలను ఈస్టు కణంలోకి ఎక్కిస్తే అవి అక్కడా కొసలుగా పనిచేశాయి. 1984 క్రిస్మస్ నాడు బర్క్‌లీలో ఆమె శిష్యురాలు కేరల్ గ్రైడర్ ప్రయోగశాలకు వెళ్ళి ఫిల్ము కడిగి చూస్తే, మళ్ళీ అదే ఆరక్షరాల నిచ్చెన. కొసలను అల్లే ఎంజైము, టెలోమరేజు, అలా దొరికింది. ముగ్గురికీ 2009లో నోబెల్ బహుమానం వచ్చింది.

మరి మనిషి కొస? దానిని 1988లో లాస్ అలమోస్‌లో రాబర్ట్ మొయ్‌జిస్ బృందం పట్టుకుంది. వారు కొసలను వెతుక్కుంటూ పోలేదు. మనిషి డి.ఎన్.ఏ.లో పదేపదే వచ్చే పునరుక్తులను విడిగా పోగుచేసి, ఒక్కొక్క ముక్కనూ క్రోమోజోముల మీద అద్ది ఎక్కడ అంటుకుంటుందో చూశారు. ఒక ముక్క ప్రతి క్రోమోజోము కొసనా చుక్కలా వెలిగింది. దాని వరస టి-టి-ఎ-జి-జి-జి. మరుసటి ఏడాది అదే బృందంవారు 91 వెన్నెముక జాతులను పరీక్షిస్తే అన్నిటా అదే మాట! అన్నట్లు, ఆ రోజుల్లో ఈ పునరుక్తులను చాలామంది చెత్త కింద జమకట్టేవారు. మన హైదరాబాదు సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం రూపొందించిన డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతికి ఆధారమూ పునరుక్తులే. అవి కట్లపాము జాతిలో దొరికిన మరొక రకానివి.

మాట తెలిసింది. కాని ఏ కొసలో అది ఎంత దూరం ఉంది, దాని పక్కన లోపలివైపు ఏముంది అన్నది తెలియాలి కదా. దానికి 1989లో అనేక బృందాలు ఇంచుమించు ఒకేసారి ఒక చక్కటి ఉపాయం పన్నాయి. ఈస్టులో బతికే కృత్రిమ క్రోమోజోమును తీసుకుని దానికి ఒక కొస లేకుండా చేశారు. మొండి కొసకు మనిషి డి.ఎన్.ఏ. ముక్కలను అతికించి ఈస్టులోకి పంపారు. కొస లేని క్రోమోజోము నిలబడదు. అతికిన ముక్కలో మనిషి టెలోమియరు ఉంటేనే ఈస్టు దానిని కొసగా గుర్తించి తన కుచ్చులు తాను కట్టుకుని బతుకుతుంది. లక్షల ముక్కల్లో కొస ముక్కలను ఏరే పని ఈస్టు చావుబతుకులే చేసిపెట్టాయి. ఫిలడెల్ఫియాలో హెరాల్డ్ రీత్‌మన్ ఇలా ఏరిన ముక్కలతోనే జీనోము పథకానికి కొసల పొరుగు ప్రాంతాల పటం గీశాడు. పొరుగు వరకే. కొసలు కావు.

ఎందుకంటే పథకానికి వెన్నెముకగా నిలిచిన పద్ధతిలో, కత్తెర ఎంజైములతో తెగిన ముక్కలను బాక్టీరియాలో పెంచి, ఒక్కొక్క విడతలో కొన్ని వందల అక్షరాల చొప్పున చదివేవారు. టెలోమియరు ముక్కకు ఒకవైపే కత్తెర గాటు ఉంటుంది. రెండవ వైపు సహజమైన కొస. అది బాక్టీరియా వాహకంలో అతకదు. ఒకవేళ అతికినా, చదివినవి వట్టి మకుటం చీటీలు. 2004 అక్టోబరులో "పూర్తయిన" జీనోము నేచర్ పత్రికలో అచ్చయినప్పుడు అందులో 341 ఖాళీలు ఉన్నాయని వారే నిజాయితీగా రాసుకున్నారు. నడుములో ఉండే సెంట్రోమియర్లు పోయాయి, కొసలూ పోయాయి. 2013లో వచ్చిన ప్రామాణిక ప్రతిని ఇప్పటికీ ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఒకటవ క్రోమోజోము మొదటి 10,000 అక్షరాలూ ఎన్, ఎన్, ఎన్, ఎన్. ఎన్ అంటే "ఏదో ఒక అక్షరం" అని. చాలా క్రోమోజోములకు ఇదే ఉపోద్ఘాతం, ఇదే ముగింపు. నేను 2003లో ఆ వాక్యం రాసేముందు ఈ మొదటి పుట ఒక్కటి తెరిచి చూసి ఉంటే బాగుండేది. ఖాళీలు ఉన్నాయన్న సంగతి వార్తల్లో ఎక్కడో కింద రాసే ఉంది; నేను పైవరస చదివి ఆగిపోయాను.

ఏమిటి నష్టం, జపం చేసే భాగమే కదా, చదవకపోతే మునిగిపోయేదేముంది అని ఎవరైనా అడగవచ్చు. 1990లో కాల్విన్ హార్లీ, బ్రూస్ ఫ్యుచర్, గ్రైడర్ కలిసి, పెంపకంలో ఉన్న మనిషి కణాలలో టెలోమియర్లు నిజంగానే కురచవుతున్నాయని చూపించారు. ఒలొవ్నికోవ్ ఊహ ఫలించింది. మరీ కురచ టెలోమియర్లతో పుట్టినవారికి ఎముకల మూలుగ ఎండిపోవడం, ఊపిరితిత్తులు గట్టిపడడం వంటి జబ్బులు వస్తాయని తరవాత తేలింది. కనుక కొలవాలి. కాని ఎలా కొలిచేవారు? మిగతా డి.ఎన్.ఏ.నంతా కత్తెర ఎంజైములతో తునాతునకలు చేసి, ఎంజైము తాకలేని టెలోమియరు ముక్కలను జెల్ మీద పరుగెత్తిస్తే, 92 కొసలూ కలగలిసి ఒక మసక చారగా కనిపిస్తాయి. ఆ చార మధ్య ఎక్కడుందో చూసి "సగటు" చెప్పేవారు. 2002లో వచ్చిన పి.సి.ఆర్. పద్ధతి ఇంకా సులువు, చవక, అదీ సగటే.

2001లో గ్రైడర్ ప్రయోగశాల ఎలుకలలో చేసిన ప్రయోగం ఈ సగటు మీద నీళ్ళు చల్లింది. కణం నిలబడుతుందా లేదా అన్నది టెలోమియర్ల సగటు పొడవును బట్టి ఉండదు, అన్నిటికన్నా కురచ కొసను బట్టి ఉంటుంది అని వారు చూపించారు. చెరువు కట్ట సగటు ఎత్తు ఎంతైనా కావచ్చు, గండి పడేది పల్లంగా ఉన్న చోటే కదా. అంటే ఏ కొస ఎంత ఉందో విడివిడిగా తెలియాలి. 2003లో, సరిగ్గా నేను ఆ వ్యాసం రాసిన ఏడాది, కార్డిఫ్‌లో డంకన్ బెయిర్డ్ ప్రభృతులు ఆ దిశగా ఒక మెట్టు ఎక్కారు. కొసకు తమకు తెలిసిన చిన్న డి.ఎన్.ఏ. తునకను ముడివేసి, ఆ ముడి నుంచి లోపల పొరుగున ఉన్న గుర్తు వరకు పి.సి.ఆర్.తో నకళ్ళు తీసి, ఒక్కొక్క అణువునూ కొలిచారు. పొరుగున ప్రత్యేకమైన గుర్తు ఉన్న కొద్ది కొసలకే ఇది పనికివచ్చింది. ఎక్కువ కొసల పొరుగులు ఒకదానినొకటి పోలి ఉంటాయి.

చీటీలు పెద్దవైతే గాని చిక్కు విడదు. మకుటంతో పాటు పద్యమంతా ఒకే చీటీలో ఉండాలి. అది రెండు కొత్త యంత్రాల వల్ల సాధ్యమైంది. ఒకటి, డి.ఎన్.ఏ. ముక్కను గుండ్రంగా ముడివేసి, ఎంజైము దాని చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ ఉంటే ఒకే ముక్కను అనేకసార్లు చదివి తప్పులు దిద్దుకునేది. దీనికి 15, 20 వేల అక్షరాల ముక్కలు లెక్కలోనివి కావు. రెండవది, పొరలో చేసిన అతి చిన్న రంధ్రంలోంచి డి.ఎన్.ఏ. దారాన్ని దూర్చి, దారం జారుతున్నప్పుడు విద్యుత్ ప్రవాహంలో వచ్చే హెచ్చుతగ్గులను బట్టి అక్షరాలు పోల్చుకునేది. ఇది లక్ష అక్షరాలు దాటిన దారాన్ని కూడా ఏకబిగిన చదవగలదు. ఈ రెంటినీ కలిపి, ఏడమ్ ఫిలిపీ, కేరెన్ మీగా నాయకత్వంలో కొసనుంచి కొసకు అన్న అర్థం వచ్చే పేరుతోనే ఒక కూటమి ఏర్పడింది. తల్లి, తండ్రి ప్రతులు రెండూ కలగలిస్తే గందరగోళం కనుక, ముత్యాల గర్భం నుంచి వచ్చిన కణాలను ఎంచుకున్నారు. వీటిలో తండ్రి వైపు ప్రతి ఒక్కటే రెట్టింపై ఉంటుంది. మళ్ళీ ఇక్కడా కలిసివచ్చినది ఏ కణాన్ని ఎంచుకున్నారన్నదే. 2022 మార్చి 31న సైన్స్ పత్రికలో వారి ప్రతి వెలువడింది. 305 కోట్ల పైచిలుకు అక్షరాలు, అందులో 20 కోట్ల వరకు అంతకు ముందు ప్రతిలో లేనివి, కొసలన్నీ చదివినవి.

ఇక్కడొక తమాషా. అదే 2022లో బోస్టన్ పరిశోధకులు, రంధ్రపు యంత్రాలు మరెక్కడా లేనంత మొండిగా టెలోమియర్ల దగ్గరే తప్పు చదువుతున్నాయని బయటపెట్టారు. టి-టి-ఎ-జి-జి-జి అని ఉన్న చోట యంత్రం టి-టి-ఎ-ఎ-ఎ-ఎ అని చెబుతోంది. ఎదుటి పేటను సి-టి-టి-సి-టి-టి అని చెబుతోంది. ఈ మాటలు రంధ్రంలోంచి జారేటప్పుడు విద్యుత్ ప్రవాహం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. యంత్రం పొరబడి, జపం కనుక అదే పొరబాటును వందలసార్లు జపించింది. మామూలు తప్పులయితే పదిసార్లు చదివి సరిదిద్దుకోవచ్చు. పదిసార్లూ ఒకే తప్పు చదివితే ఏం చేస్తాం? యంత్రానికి ఈ మాటను ప్రత్యేకంగా నేర్పించి దిద్దవలసి వచ్చింది.

చివరికి 2024లో గ్రైడర్ బృందమే, కొసకు ఒక గుర్తును ముడివేసి, ఆ గుర్తు ఉన్న ముక్కలను ఏరుకుని, రంధ్రపు యంత్రంతో 147 మంది కొసలను విడివిడిగా చదివింది. ఒక్కొక్క కొస పొడవు ఒక్కొక్క తీరు. కొన్ని కొసల మధ్య తేడా 6,000 అక్షరాలు దాటింది. పైగా ఏది పొడుగు, ఏది కురచ అన్న వరస చాలావరకు మనిషి మనిషికీ ఒకేలా ఉంది. 17వ క్రోమోజోము పొట్టి చేయి కొస కురచవాటిలో ఒకటి. అప్పుడే పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తంలోనూ ఆ వరసే కనిపించింది. మసక చారలో సగటుగా కలిసిపోయినది ఇదంతా. క్రిస్మస్ నాడు ఆ ఫిల్ము కడిగిన నాటికి గ్రైడర్ వయసు 23. ఇది చూసేసరికి అరవై దాటింది.

పాత సంచికలో నా వాక్యం పక్కన పెన్సిలుతో "కొసలు తప్ప, అవి 2022లో" అని రాశాను. సంచిక మూసి బీరువాలో పెట్టబోతూ ఉంటే గుర్తుకొచ్చింది: ముత్యాల గర్భం కణాలలో వై క్రోమోజోము లేదు. దానిని కొసనుంచి కొసకు, 6 కోట్ల 24 లక్షల పైచిలుకు అక్షరాలు, చదివి అచ్చు వేసినది 2023 ఆగస్టులో. మళ్ళీ తెరిచి 2022 కొట్టేసి 2023 అని దిద్దాను.